దీపం గుర్తు కవరు

మూడో నంబరు ఆడపిల్లల వసతి,
కంచె లోపల,
1944 సెప్టెంబరు 17

ఆర్మిండా అక్కకి,

నువ్వు పంపిన ఆపిల్ పాకం సీసా పగలకుండా చేరింది. నీ కూతురు నోవెల్లా సగం సీసా చెంచాతోనే నాకేసింది. "పిన్నీ, నీకు తీపి పడదుగా" అంటూ నా వాటా కూడా తనే తినేసింది. పంతొమ్మిదేళ్ళొచ్చినా చేష్టలు మాత్రం పదేళ్ళవే.

ఇక్కడ ఎటు చూసినా బురద. మన మొక్కజొన్న చేను ఉన్నచోట ఇప్పుడు బస్సులు ఆగుతాయి. మన ఇల్లు ఎక్కడుండేదో ఒక్కోసారి నాకే గుర్తు రాదు. యుద్ధం పనికని సర్కారువాళ్ళు రెండు వారాల్లో ఖాళీ చెయ్యమని తలుపు మీద కాగితం అంటించి వెళ్ళినప్పుడు బావ ఎంత ఏడ్చాడో గుర్తుంది. ఆయన సమాధి గుట్ట మీద అలాగే ఉంది, దిగులుపడకు. నోవెల్లా ఏం పని చేస్తోందని మాత్రం అడక్కు. అడక్కూడదు, చెప్పకూడదు. ఏ గోడ మీద చూసినా అదే బోర్డు.

ఒక మంచి కబురు. పైవాళ్ళు నన్ను మా అంతస్తుకి పెద్దని చేశారు. నమ్మకమైన మనిషినట. వారం వారం చిన్న రాతపని కూడా అప్పజెప్పారు. నాన్న నన్ను ఎనిమిది దాకా చదివించింది ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

కవర్లు దొరకడం లేదు. నీ కవరే ఆవిరి పట్టి విప్పి, లోపలివైపు బయటికి తిప్పి అంటించాను. అమ్మ ఉంటే మెచ్చుకునేది.

ఆదివారం ఆదివారం నోవెల్లా తల నేనే దువ్వుతున్నాను.

నీ చెల్లెలు
ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1944 అక్టోబరు 22

చెల్లీ ఈథల్,

బాగున్నామని రాయడానికి చెయ్యి రావట్లేదు. నోవెల్లా ఇంటికొచ్చేసింది. రాలేదు, తోసేశారు. నీకు తెలిసే ఉంటుంది, నీ అంతస్తే కదా. పెట్టె సర్దుకోడానికి గంట టైమిచ్చి బస్సెక్కించారంట. నీకు చెప్పిపోతానంటే నువ్వు డ్యూటీలో ఉన్నావన్నారంట.

అది చెప్పిందాన్ని బట్టి సంగతి ఇదీ. నన్ను అడక్కూడదన్నావు, నేను అడగలేదు, అదే ఏడుస్తా చెప్పింది. అది స్టూలు మీద కూచుని గాజు వెనక ముల్లు చూస్తా మీట తిప్పుతుందంట. ఆ గోడ వెనక గదికి దగ్గరగా పోతే తలపిన్నులు అయస్కాంతం లాగినట్టు జుట్లోంచి లేచి ఎగిరిపోతాయంట. నవ్వొచ్చి ఒకరోజు తల దువ్వుకునేటప్పుడు ఆ మాట అందంట. అంతే. ఎవరితో అన్నావే అంటే, "పిన్ని ఉంది, పక్క మంచం మోజెల్ ఉంది, ఇంకెవరూ లేరమ్మా" అంది.

ఆఫీసులో ఒకాయన ఆ మాటే పొల్లుపోకుండా చదివి వినిపించాడంట. పెన్సిలుతో రాసిన ఉత్తరం. ఎవరు రాశారో చేతితో మూసేశాడు గానీ బల్ల మీద కవరు కనపడిందంట. ఏదో బీమా కంపెనీ కవరు, మూలన దీపం బొమ్మ అచ్చేసి ఉందంట.

నువ్వు అక్కడే ఉన్నావు. దీపం బొమ్మ కవర్లు ఎవరి దగ్గరున్నాయో కనిపెట్టు. నాకు పేరు చెప్పు చాలు.

అక్క

*

వసతి,
1944 నవంబరు 12

అక్కకి,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. కానీ అక్కా, కోపగించుకోకు, మన నోవెల్లాకి చిన్నప్పట్నుంచీ నోట్లో నువ్వుగింజ నానదు. నేను ఎన్నిసార్లు చెప్పానో. ఇది యుద్ధం. ఒక్కరి నోటిదూల వందమంది పిల్లల ప్రాణం మీదికి తెస్తుందని ఇక్కడ మాకు రోజూ చెప్తారు. నీ కొడుకు డేల్ కూడా ఇటలీలో తుపాకీ పట్టుకుని ఉన్నాడు, మర్చిపోకు.

దీపం కవర్ల సంగతి కనుక్కుంటాను. అడగడం కూడా ప్రమాదమే. నువ్వు మాత్రం ఉత్తరాల్లో ఇవేవీ రాయకు. మన ఉత్తరాలు మనమే చదువుతున్నామని అనుకోకు.

దాని సబ్బుపెట్టె, దువ్వెన ఇక్కడే ఉన్నాయి. దాచి ఉంచాను.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 జనవరి 10

ఈథల్,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యట్లేదు. రోజూ బస్సులో లోపల పనికొచ్చే హోయ్ట్ చేతికిచ్చి పంపుతున్నా.

నా పిల్ల చచ్చిపోతోంది చెల్లీ, నిలబడే చచ్చిపోతోంది. పాత ఉద్యోగం కాగితం చూపించమంటారు, అందులో "మాట జారినందుకు తీసివేత" అని రాసుంది, ఎక్కడా పని ఇవ్వరు. బట్టల మిల్లులో ఇవ్వలేదు, గుడ్ల కొట్టులో ఇవ్వలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద మా పక్కింటి ప్రూడీ నలుగురిలో నన్ను ఆపింది. "ఏం వదినా, మీ అమ్మాయికి జర్మనీ నుంచి జీతం వస్తోందా, పోస్టులోనా, చేతికా?" అంది. ప్రూడీ కొడుకు యుద్ధంలో కాలు పోయి ఆస్పత్రిలో ఉన్నాడు. పిల్ల నా చెయ్యి వదిలేసి ఒక్కతే నడిచి ఇంటికెళ్ళిపోయింది. చర్చిలో దాని బల్ల మీద ఎవరూ కూచోరు. పాట పాడేవాళ్ళల్లోంచి కూడా తీసేశారు.

నీకు చెప్పకేం, నేనూ అన్నాను. డేల్ దగ్గర్నుంచి మూడు నెలలు ఉత్తరం రాకపోయేసరికి పిచ్చెత్తి, "నీ అన్నకేమన్నా అయితే అది నీ నోరే" అన్నాను. ఆ రోజు నుంచి అది తలలో పిన్ను పెట్టుకోవడం మానేసింది. గుడ్డపీలికతో కట్టుకుంటోంది.

ఇప్పుడు నీ మాట మీదే ఆశ. నిన్ను నమ్మకమైన మనిషివన్నారుగా. నువ్వు పెద్దాయన దగ్గరికెళ్ళి ఈ పిల్ల నా చేతుల్లో పెరిగింది, దీనికి నాది పూచీ అని చెప్తే ఆ కాగితం మారుస్తారు. "పిన్ని చెప్తే వింటారమ్మా" అని అదీ అంటోంది. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తుంది. గేటు దగ్గర పాసు లేదు కాబట్టి, ఏట్లో మన రాళ్ళరేవు దాటి నీటిబుగ్గ దగ్గర కంచె ఇవతల నిలబడుతుంది. నువ్వు అవతల నిలబడు. దాంతో మాట్లాడు. తల నిమురు.

నీ కాళ్ళు పట్టుకుంటా.

ఆర్మిండా

*

వసతి,
1945 జనవరి 13

అక్కకి,

ఇవాళ శనివారం, హోయ్ట్ ఇప్పుడే ఇచ్చాడు. దాన్ని పంపకు. కంచె దగ్గర ఎవరైనా చూస్తే నా ఉద్యోగం కూడా పోతుంది. ఈ వారం చలి కూడా ఎక్కువ. ఇంకోసారి చూద్దాం. తొందరపడకు.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 ఫిబ్రవరి 4

ఈథల్,

నీ ఉత్తరం ఆదివారం పోయాక బుధవారం వచ్చింది. పంపకు అని రాశావు. పంపేశాను.

నోవెల్లా లేదు.

రేవు దగ్గర పోయింది. రెండు మైళ్ళ కింద చేపలవాడి కొక్కేనికి తగిలింది. మనం రేవు దాటేటప్పుడు బూట్లు విప్పి లేసులు ముడేసి మెడలో వేసుకుంటాం కదా, అలాగే దొరికింది. తడవకూడదని మెడలో వేసుకున్న బూట్లు. తొడుక్కోడానికి దానికున్న ఒక్క జత అవే.

ఎగువ ఆనకట్ట దగ్గర ఆ పొద్దున నీళ్ళు ఎక్కువ వదిలారంట. మీ లోపలికి కరెంటు కావాలంట, రాత్రీ పగలూ కావాలంట. నాకేం తెలుసు. మన తాతల నాటి నుంచి ఆ రేవులో మోకాలిదాకే నీళ్ళు. "మోకాలు దాటవే, రాళ్ళు చూసుకుని అడుగెయ్యి" అని నేనే చెప్పి పంపాను. నేనే మొక్కజొన్న రొట్టె మూట కట్టిచ్చాను. అందులో ఒక ముక్క నీకని వేరే గుడ్డలో కట్టాను.

మూట దొరకలేదు.

వాళ్ళ నాన్న పక్కన పెడదామని గేటు దగ్గరికి బండి మీద తీసుకెళ్ళాను. కిటికీలో గుమాస్తా, పాత సమాధులకే అనుమతమ్మా, కొత్తది తవ్వడానికి వీల్లేదు అన్నాడు. చలిలో రెండు గంటలు బండి అలాగే నిలబెట్టుకున్నాను, ఎవరన్నా పెద్దాయన బయటికొస్తాడేమోనని. తర్వాత తిప్పుకొచ్చాను. ఇంటి వెనకే పెట్టాను. ప్రూడీ వచ్చింది. గిన్నెడు చిక్కుడుకాయ కూర పెట్టి వెళ్ళిపోయింది.

నాకు దీపం కవరు ఎవరిదో చెప్పు. ఇంక నాకు వేరే పని లేదు.

ఆర్మిండా

*

వసతి,
1945 మార్చి 11

అక్కకి,

ఏం రాయాలో తెలీక ఇన్నాళ్ళూ రాయలేదు. దాన్ని నేను కూడా ఎత్తుకు తిరిగాను. నాకు పిల్లల్లేరు, నాకున్నది అదే. నేను ఎలా ఉన్నానో నువ్వు ఊహించుకోగలవు.

నువ్వు అడిగింది చెప్తున్నాను, చెప్పకూడదు గానీ చెప్తున్నాను. అది మోజెల్ పనే. పక్క మంచం పిల్ల, జార్జియా నుంచి వచ్చిన పిల్ల, తిండి హాల్లో గిన్నెలు కడిగేది. ఆమె పెట్టెలో దీపం కవరు చూశాను. పోయిన నెల పెళ్ళి చేసుకుని పని మానేసి సొంతూరు వెళ్ళిపోయింది. ఊరి పేరు చీటీ మీద వేరే రాసి పెట్టాను. ఇంక ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి అక్కా. తెలిసినందువల్ల పిల్ల తిరిగి రాదు.

దాని దువ్వెన, సబ్బుపెట్టె, వాడని తలపిన్నుల అట్ట పంపుతున్నాను. అట్ట మీద ఇంకా ఎనిమిది ఉన్నాయి.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 మే 28

ఈథల్,

నిన్న సమాధులు శుభ్రం చేసే రోజు కదా, ఒక్క పూటకి పాసులిచ్చారు. గుట్టెక్కి మీ బావ సమాధి మీద గడ్డి పీకి, తెల్ల గులకరాళ్ళు పేర్చాను. నువ్వు వస్తావని మధ్యాహ్నం దాకా చూశాను. డ్యూటీ అని ఎవరో పిల్లతో చెప్పి పంపావు. అరమైలు దూరం. పోనీలే.

జర్మనీ లొంగిపోయిందన్నారు గానీ డేల్‌ని ఇటలీ నుంచి జపాను మీదికి పంపుతారంట. వాడికి చెల్లెలు జ్వరంతో పోయిందని రాశాను.

మోజెల్‌కి ఉత్తరం రాశాను. మూడు రోజులు పట్టింది. ఏం రాశానో నీకు చెప్పను. తల్లి నోట్లోంచి రాకూడనివి రాశాను. నీ కడుపున పడేది నా దానిలాగే చల్లబడాలి అని రాశాను, అందులో తలపిన్ను ఒకటి పెట్టాను. జవాబొచ్చింది. వాళ్ళ పాస్టరు చేత రాయించింది. "అత్తా, నేనేం చేశాను? నోవెల్లా నాకు అక్కలాంటిది. నాకు చదువు రాదు, పేరు రాయడం కూడా ఆ అక్కే నేర్పుతా ఉండేది" అని ఉంది. కింద ఆమె చేత్తో పేరు, అక్షరాలు వంకరగా, ఒకటి వెనక్కి తిరిగి ఉంది. చూడు ఎంత నాటకమో. చింపి పొయ్యిలో వేశాను.

ఆర్మిండా

*

వసతి,
1945 ఆగస్టు 9

అక్కా,

ఇప్పుడు పేరు రాయొచ్చు, అన్నీ రాయొచ్చు. రేడియోలో చెప్పేశారు. ఇన్నాళ్ళూ మనం చేసింది అణుబాంబు కోసమే. ఒక్క బాంబుకి జపానులో ఒక ఊరు ఊరంతా పోయింది. ఇక్కడ ఆడపిల్లలు కుండలు, మూకుళ్ళు వాయించుకుంటూ వీధుల్లో తిరిగారు. మాలో ఎవరికీ తెలీదు అక్కా, ఒక్కరికి కూడా, అంత గుట్టుగా ఉంచాం. గుట్టుగా ఉంచాం కాబట్టే అయింది. ఇంక జపాను నిలబడదు. నీ డేల్ ఓడ దిగి నీ గుమ్మంలోకి నడిచొస్తాడు. దానికి నీ చెల్లెలి చెయ్యి కూడా ఉంది. నోవెల్లా చెయ్యి కూడా ఉంది, అది తిప్పిన మీట ఊరికే పోలేదు. అది తల్చుకుని మనసు కుదుటపరచుకో.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 ఆగస్టు 26

ఈథల్,

విన్నాను. ప్రూడీ వాళ్ళింట్లో రేడియో పెట్టి అందర్నీ పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. డేల్ వస్తాడు కాబట్టి నేనూ కొట్టాను. అబద్ధమాడను.

ఇంటికొచ్చాక ఆలోచించాను. తలపిన్ను ఎగిరిందని నా పిల్ల చెప్తే ద్రోహం. ఊరు ఎగిరిందని వాళ్ళు రేడియోలో చెప్తే పండగ. ఆ ఊళ్ళో కూడా ఆ పొద్దున ఎవరో ఒక తల్లి కూతురికి రొట్టె మూటలాంటిది ఏదో కట్టిచ్చి పంపి ఉంటుంది.

దాని మీట సంగతి నాకు రాయకు. దాన్ని గేటు బయటికి తోసేసినప్పుడు దాని చెయ్యి గుర్తు రాలేదు.

ఆర్మిండా

*

వసతి,
1945 అక్టోబరు 14

అక్కకి,

మా అంతస్తు మూసేస్తున్నారు. జనాన్ని తగ్గిస్తున్నారు, నన్ను కూడా తీసేశారు. నమ్మకమైన మనిషినని కాగితం మాత్రం ఇచ్చారు. ఇల్లు ఇక్కడే ఉండేది, ఇప్పుడు లేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు. ఒక మూల ఇస్తే చాలు. వంట చేస్తాను, డేల్ వచ్చేసరికి ఇల్లు సర్దుదాం. నోవెల్లా మంచం ఖాళీగా ఉంది కదా.

గది ఖాళీ చేస్తుంటే సొరుగులో పాత కవర్లు చాలా మిగిలాయి, పారెయ్యడం ఎందుకని తిరగేసి అంటించి పెట్టుకున్నాను. ఇది అందులోదే. ఇంక మనిద్దరికీ ఏడాది దాకా కవర్లు కొనక్కర్లేదు.

ఎప్పుడు రమ్మంటావో రాయి.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 అక్టోబరు 21

ఈథల్,

నీ కవరు నీకే పంపుతున్నా. అమ్మ నేర్పినట్టే ఆవిరి పట్టి, తిరగేద్దామని విప్పాను. నువ్వు తిప్పింది నేను మళ్ళీ తిప్పాను. చూసుకో.

ఇదేంటో చెప్పు.

ఆర్మిండా

*

వసతి,
1945 అక్టోబరు 28

అక్కా,

చెప్తాను.

శుక్రవారం శుక్రవారం ఒక ఉత్తరం రాయాలి. అంతస్తులో ఎవరేమన్నారో. ఆ కవర్లు వాళ్ళే ఇచ్చారు, బీమా కంపెనీ కవర్లలా కనపడాలని. ఏమీ లేదని రెండు వారాలు రాస్తే, "నీకు చెవులు లేవా, వేరే మనిషిని చూడమంటావా" అన్నారు. ఆ వారం కూడా ఏమీ లేదు. తలపిన్నుల మాట నవ్వు మాట కదా, దానివల్ల ఏమవుతుందిలే అని రాశాను. పేరు రాయలేదు అక్కా, ఒట్టు, "మా అంతస్తు పిల్ల ఒకతె" అని రాశాను. మర్నాడు పిలిచి పేరు అడిగారు. ఎదురుగా ముగ్గురు కూచున్నారు. చెప్పాను.

హోయ్ట్ ఇచ్చిన ఉత్తరం నాకు శనివారమే అందింది. ఆదివారం నీటిబుగ్గ దగ్గరికి నేను వెళ్ళలేదు. దాని మొహం చూడలేక వెళ్ళలేదు. వచ్చి ఎదురుచూసి తిరిగి వెళ్ళిపోయుంటుందిలే అనుకుని నా గదిలో పడుకున్నాను. ఆ రోజంతా కడుపునిండా తిన్నాను కూడా.

మోజెల్‌కి ఏ పాపం తెలీదు. నువ్వు పేరు, పేరు అని అడుగుతూనే ఉన్నావు. దూరంగా వెళ్ళిపోయింది కదా అని ఆ పేరు చెప్పాను.

తిట్టు. కొట్టు. కానీ నాకు ఎక్కడికి పోవడానికీ చోటు లేదు.

ఈథల్

*

స్వీట్‌గమ్ వాగు,
1945 నవంబరు 11

ఈథల్,

మోజెల్‌కి క్షమించమని రాశాను. నీ పేరు కూడా రాశాను. పాస్టరు జవాబు రాశాడు. జులైలో ఆ పిల్లకి నెలలు నిండకుండా కాన్పయిందంట, బిడ్డ ఊపిరి లేకుండా చల్లగా పుట్టిందంట. నా తలపిన్ను వల్లే అనుకుని ఇప్పటికీ దాన్ని బైబిల్లో పెట్టి దాచిందంట, పారేస్తే ఇంకేమవుతుందోనని. అది నా పని. అందులో నీకు వాటా ఇవ్వను.

రేవు మీద వెళ్ళమన్నదీ నేనే. అన్న ప్రాణం నీ నోటి మీద ఉందన్నదీ నేనే. రోజుల తరబడి ఇవన్నీ తూకం వేశాను. నీ వైపు ఎంత, నా వైపు ఎంత అని. తేలలేదు. వెయ్యడం మానేశాను.

డేల్ థాంక్స్‌గివింగ్ పండక్కి వస్తున్నాడు. ప్రాణాలతో వస్తున్నాడు. నువ్వన్నట్టే గుమ్మంలోకి నడిచొస్తాడు.

నువ్వు రా.

నువ్వు నా తోడబుట్టినదానివి, చలికాలంలో రోడ్డు మీద వదల్లేను. నోవెల్లా మంచం వేసే ఉంది. దాని దుప్పటి ఉతకలేదు, ఉతకను, అందులోనే పడుకో. బల్ల దగ్గర దాని కుర్చీలో కూచో. పొద్దున రొట్టె పెడతాను, సాయంత్రం చిక్కుళ్ళు పెడతాను, జ్వరమొస్తే జావ కాచి పోస్తాను. డేల్‌కి నేను చెప్పను. వాడు చెల్లెలి గురించి అడుగుతాడు. అడిగినప్పుడు నీ వైపు చూస్తాను. చెప్పుకుంటావో, మింగుతావో, వాడు బతికినన్నాళ్ళూ నీ ఇష్టం.

నేను మాత్రం నీతో మాట్లాడను. రా అనీ అనను, పో అనీ అనను. ఉప్పు కావాలంటే వేలు చూపించు. నువ్వు పోయేదాకో, నేను పోయేదాకో. ఎవరు ముందు పోతే వాళ్ళ కళ్ళు రెండోవాళ్ళు మూయాలి, అప్పుడు కూడా మాట ఉండదు. మీ ఊళ్ళో గోడ గోడకీ రాసి పెట్టారన్నావుగా, అడక్కూడదు, చెప్పకూడదని. మా ఇంట్లో గోడ మీద రాయక్కర్లేదు.

ఇదే నేను నీకు చెప్పే ఆఖరి మాట, అందుకే ఇంత పొడుగు రాశాను.

మిగిలిన కవర్లు కూడా తెచ్చుకో. పారెయ్యకు. పొయ్యి ముట్టించడానికి రోజుకొకటి చొప్పున వాడదాం. పొద్దున్నే లేచి నువ్వే ముట్టించు.

ఆర్మిండా